లేకర్స్ బుట్టలో రొయ్యలు

లాస్ ఏంజెలెస్ లేకర్స్ 2021-22 సీజన్ గురించి బాస్కెట్‌బాల్ చూసేవాళ్లలో ఎవరిని కదిలించినా ఒకే పేరు వినిపిస్తుంది: రస్సెల్ వెస్ట్‌బ్రూక్. ఆ ఏడాది లేకర్స్ 82 మ్యాచ్‌ల్లో 33 గెలిచి 49 ఓడింది. వెస్ట్రన్ కాన్ఫరెన్స్‌లో పదకొండో స్థానంలో మిగిలింది. ప్లేఆఫ్స్ మాట అటుంచి, పదో స్థానం దాకా తలుపు తెరిచి ఉంచే ప్లే-ఇన్ గడప కూడా తొక్కలేకపోయింది. ఈ కథనంతా జనం రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అతను వచ్చాడు, ఇల్లు కూలింది. అతను వెళ్లాడు, ఇల్లు నిలబడింది. టీవీ వ్యాఖ్యాతలు ఇదే అన్నారు, మాజీ ఆటగాళ్లూ అన్నారు. అక్కడి రాత్రి మ్యాచ్‌ను ఇక్కడ ఉదయం తొమ్మిదింటికి, ఆఫీసు పని పక్కన పెట్టి ఫోన్‌లో చూసుకునే మన అభిమానులూ అన్నారు. నిజం చెప్పాలంటే, కొంతకాలం నేనూ అన్నాను.

ఆ మాటలో నిజం బొత్తిగా లేదని కాదు. ఉన్నది పిడికెడు. ఆ పిడికెడు నిజాన్ని కొండంత చేసి చూపించడంతో, దాని చాటున నిలబడ్డవాళ్లు చెమట పట్టకుండా బయటపడ్డారు. 'అందరూ శ్రీవైష్ణవులే, మరి బుట్టలో రొయ్యలు ఏమైనట్టు?' అని మన పెద్దలు అడిగే ప్రశ్న ఈ బుట్టబంతి జట్టుకు అతికినట్టు సరిపోతుంది. నా వాదన ఇది: ఆ సీజన్ అక్టోబరులో కోర్టు మీద మొదలవక ముందే, 2021 జులై ఆఖరులో, ఆగస్టు మొదట్లో, లేకర్స్ కార్యాలయంలో లెక్కల కాగితాల మీద ఓడిపోయింది. వెస్ట్‌బ్రూక్ ఆ కాగితం మీద ఒక అంకె మాత్రమే. ఆ అంకెను అక్కడ రాసిన చేయి వేరు.

ఖండించబోయే ముందు ఎదుటివారి వాదనను వాళ్ల తరఫున నేనే వినిపిస్తాను. వెస్ట్‌బ్రూక్ ఆ ఏడాది తీసుకున్న జీతం 4.42 కోట్ల డాలర్లు. జట్టులో అందరికంటే, లెబ్రాన్ జేమ్స్ కంటే కూడా ఎక్కువ. త్రీ పాయింటర్లలో సఫలమైనవి నూటికి 29.8. ఎవరూ అడ్డు లేకుండా వేసే ఫ్రీ త్రోల్లో కూడా నూటికి 66.7 మాత్రమే పడ్డాయి. మ్యాచ్‌కు సగటున దాదాపు నాలుగుసార్లు బంతిని ప్రత్యర్థికి అప్పగించాడు (టర్నోవర్లు). బంతి లేనప్పుడు మూలన నిలబడితే ప్రత్యర్థులు అతన్ని పట్టించుకోవడమే మానేశారు. అతన్ని కాయాల్సిన మనిషి వెళ్లి లెబ్రాన్ దారికి అడ్డంగా నిలబడేవాడు. 2022 జనవరిలో ఇండియానాతో ఆడిన మ్యాచ్ చివరి నిమిషాల్లో కోచ్ ఫ్రాంక్ వోగెల్ అతన్ని బెంచ్ మీదే కూర్చోబెట్టేశాడు. ఇవన్నీ నిజాలే. ఇందులో ఒక్క అంకె మీదా నాకు పేచీ లేదు. అతను ఆ ఏడాది బాగా ఆడాడని నేను అనను.

నా పేచీ ఆ అంకెల నుంచి తీసే తీర్పు మీద. అంతకు ముందు ఏడాది వాషింగ్టన్‌లో అతని ఆట ఎలా ఉందో చూడండి. అక్కడ త్రీ పాయింటర్లు నూటికి 31.5, ఫ్రీ త్రోలు 65.6, టర్నోవర్లు మ్యాచ్‌కు 4.8. అంటే లాస్ ఏంజెలెస్‌కు వచ్చాక ఫ్రీ త్రోలు వెంట్రుకవాసి మెరుగుపడ్డాయి, టర్నోవర్లు తగ్గాయి, త్రీ పాయింటర్లు కాస్త పడ్డాయి. పాయింట్లు 22 నుంచి 18.5కు దిగాయి. పక్కన లెబ్రాన్, ఆంథనీ డేవిస్ ఉన్నప్పుడు దిగకుండా ఎలా ఉంటాయి? మొత్తం మీద మనిషి మారలేదు. 2008లో లీగ్‌లోకి వచ్చినప్పటి నుంచి అతను ఇంతే: చేతిలో బంతి ఉండాలి, ఎదర ఖాళీ కావాలి, తుఫానులా దూసుకుపోవాలి. ఆ తరహాతోనే 2017లో లీగ్ మేటి ఆటగాడిగా ఎంవీపీ అయ్యాడు. ఆ తరహాతోనే 2021 మే నెలలో 182వ ట్రిపుల్-డబుల్ (ఒకే మ్యాచ్‌లో మూడు విభాగాల్లో రెండంకెలు) సాధించి ఆస్కార్ రాబర్ట్‌సన్ రికార్డును దాటాడు. దూరం నుంచి బంతి వేయడం అతని విద్య కాదని లీగ్‌లో బంతులు అందించే కుర్రాళ్లకు కూడా తెలుసు. ఎద్దును కొని తెచ్చి పాలివ్వలేదని కొట్టేవాణ్ని ఏమంటాం? ఎద్దుదా తప్పు?

ఇక కొన్న బేరం సంగతి. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2021 డ్రాఫ్ట్ రోజున, జులై 29న, లేకర్స్ జనరల్ మేనేజర్ రాబ్ పెలింకా వాషింగ్టన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. కైల్ కుజ్మా, కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్, మాంట్రెజ్ల్ హారెల్ అనే ముగ్గురు ఆటగాళ్లను, ఆ రాత్రి 22వ డ్రాఫ్ట్ పిక్‌ను ఇచ్చి, వెస్ట్‌బ్రూక్‌ను, రెండు రెండో రౌండు పిక్‌లను తెచ్చుకున్నాడు. అంతకు ముందు శాక్రమెంటోలో ఉన్న బడీ హీల్డ్ కోసం కుజ్మాను, హారెల్‌ను ఇచ్చే బేరం దాదాపు కుదిరిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. హీల్డ్ ఆ ఏడాది లీగ్‌లో అత్యధికంగా త్రీ పాయింటర్లు వేసినవాళ్లలో ఒకడు. లెబ్రాన్ చుట్టూ ఉండాల్సిన సరుకు అదే. చేతిదాకా వచ్చిన ఆ బేరం వదిలేసి, పేరున్న బేరం పట్టుకున్నారు.

ఈ ఆటలో డబ్బు ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఆ బేరం బరువు అర్థం కాదు. ఎన్‌బీఏలో ప్రతి జట్టు జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. 2021-22లో అది 11.24 కోట్ల డాలర్లు. కొన్ని మినహాయింపులతో దాన్ని దాటొచ్చు కానీ, 13.66 కోట్ల దగ్గర ఇంకో గీత ఉండేది. దాన్ని దాటితే లగ్జరీ ట్యాక్స్. అప్పట్లో గీత దాటిన మొదటి మెట్టులోనే డాలరుకు డాలరున్నర జరిమానా. పై మెట్లకు పోయేకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు లేకర్స్ ముగ్గురు తారల జీతాలు కూడండి. వెస్ట్‌బ్రూక్ 4.42 కోట్లు, లెబ్రాన్ 4.12 కోట్లు, ఆంథనీ డేవిస్ 3.54 కోట్లు. మొత్తం 12 కోట్ల పైమాటే. పదిహేను మందికి సరిపెట్టాల్సిన పరిమితిని ముగ్గురే దాటేశారు. మిగతా డజను మందిలో ఎక్కువమందిని కనీస వేతనానికి ఎవరొస్తే వాళ్లతో నింపాల్సి వచ్చింది. పెళ్లి విందులో మూడు స్వీట్లకే సొమ్మంతా అయిపోయి, అన్నం, పప్పు, కూర అరువు తెచ్చుకున్న వైనం ఇది.

అలా వచ్చినవాళ్లెవరు? కార్మెలో ఆంథనీకి 37 ఏళ్లు. ట్రెవర్ అరీజాకు 36. డ్వైట్ హోవర్డ్‌కు 35, రాజన్ రాండోకు 35. వేన్ ఎలింగ్టన్, డియాండ్రె జోర్డాన్ ముప్పై దాటినవాళ్లు. లెబ్రాన్ ఆ డిసెంబరులో 37లో అడుగుపెట్టాడు. లీగ్‌లో అందరికంటే వయసు మళ్లిన జట్టు అది. రాండో, హోవర్డ్ ఇద్దరూ 2020లో ఓర్లాండోలో మయామిని 4-2తో ఓడించి కప్పు గెలిచిన లేకర్స్‌లో ఉన్నవాళ్లే. పాత జ్ఞాపకాల మీద మమకారంతో వాళ్లను వెనక్కి తెచ్చారు. అదే కప్పు గెలిచిన జట్టులో వయసులో చిన్నవాళ్లు, రాత్రంతా ప్రత్యర్థి వెంట పరిగెత్తి కాపలా కాయగలిగినవాళ్లు ఇద్దరున్నారు: కాల్డ్‌వెల్-పోప్, అలెక్స్ కరూసో. ఒకణ్ని ట్రేడ్‌లో ఇచ్చేశారు. రెండోవాణ్ని పోనిచ్చారు.

కరూసో కథ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ వాదనకు ఆయువుపట్టు అక్కడే ఉంది. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు. కింది స్థాయి లీగ్‌లో ఆడి, లేకర్స్‌లోనే ఎదిగి, 2020 ఫైనల్స్‌లో కప్పు ఖాయమైన ఆరో మ్యాచ్‌ను మొదటి ఐదుగురిలో ఒకడిగా మొదలుపెట్టినవాడు. 2021 ఆగస్టులో షికాగో బుల్స్ అతనికి నాలుగేళ్లకు 3.7 కోట్ల డాలర్లు ఇస్తామంది. అంటే ఏడాదికి దాదాపు 90 లక్షలు, వెస్ట్‌బ్రూక్ జీతంలో అయిదో వంతు. కరూసో లేకర్స్ దగ్గరకు తిరిగి వెళ్లి అడిగాడు. అక్కడ కాదన్నారు. ఈ సంగతి తర్వాత అతనే చెప్పాడు. వాళ్ల లెక్క ఊహించడం కష్టం కాదు: గీత ఎప్పుడో దాటేశాం, ఇతని ప్రతి డాలరు మీదా పన్ను పడుతుంది, ఆ ఖర్చు మనకెందుకు? 4.42 కోట్ల దగ్గర తెగించినవాళ్లు 90 లక్షల దగ్గర పొదుపు పాటించారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే. కరూసో 2023లో లీగ్‌లోనే మేటి డిఫెన్స్ ఆటగాళ్ల మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. 2025లో ఓక్లహోమా సిటీతో కప్పు గెలిచాడు.

ఇప్పుడు కోర్టు మీదకు వద్దాం. 2020-21లో లేకర్స్ డిఫెన్స్ లీగ్‌లో మొదటిది. 2021-22లో ఇరవై ఒకటోది. ఇరవై మెట్లు ఒక్క ఏడాదిలో. వెస్ట్‌బ్రూక్ ద్వేషులారా, దీనికి జవాబు చెప్పండి. డిఫెన్స్ ఒక మనిషి వల్ల వచ్చేది కాదు, ఒక మనిషి వల్ల పోయేదీ కాదు. ప్రత్యర్థి షూటర్ల వెంట పడి వాళ్లను విసిగించే ఇద్దరు గార్డులు పోయారు. పొడవైన చేతులతో అటూ ఇటూ తిరిగే కుజ్మా పోయాడు. వాళ్ల స్థానంలో మోకాళ్లు అరిగిపోయినవాళ్లు వచ్చారు. అక్టోబరు 27న ఓక్లహోమా సిటీలో 26 పాయింట్ల ఆధిక్యం చేతిలో పెట్టుకుని ఓడిపోయారు. లీగ్‌లో అతి చిన్న వయసు జట్లలో ఒకటి, కాళ్లు ఆడని జట్టును పరిగెత్తించి పరిగెత్తించి ఓడించింది. ఆ రాత్రి వెస్ట్‌బ్రూక్ చివర్లో బహిష్కరణకు గురయ్యాడు, మర్నాడు పత్రికలకు కావాల్సిన శీర్షిక దొరికింది. 26 పాయింట్లు కరిగిపోయిన సంగతి లోపలి పేరాల్లోకి జారింది.

ఇక్కడ కార్యాలయం తరఫు వాదన ఒకటి వినిపిస్తుంది. గాయాలు. లెబ్రాన్ 56 మ్యాచ్‌లే ఆడాడు, డేవిస్ 40 మాత్రమే ఆడాడు, ఇలాంటి దురదృష్టానికి ఎవరేం చేస్తారు అని. డేవిస్‌కు డిసెంబరు 17న మినెసోటాలో మోకాలు దెబ్బతింది. కోలుకుని వచ్చాడో లేదో, ఫిబ్రవరి 16న పాదం మడతపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనడానికి ఇది నిదర్శనమే. కానీ దురదృష్టం అనే మాటను నేను ఒప్పుకోను. అంతకు ముందు ఏడాది సీజన్ 72 మ్యాచ్‌లకు కుదించారు. అందులో డేవిస్ ఆడినవి 36, లెబ్రాన్ ఆడినవి 45. మొదటి రౌండులో ఫీనిక్స్ చేతిలో ఓడిపోవడానికి అదే కారణం. ఆ పాఠం రక్తంతో రాసి ఉన్నా, ఇద్దరూ ఈసారి నిండు సీజన్ ఆడతారని నమ్మి బెంచ్‌ను ఖాళీ చేసుకున్నారు. నిరుడు గట్టు తెగిన చెరువు కింద ఈసారి గట్టు వేయకుండా నాట్లు వేసి, పంట మునిగాక వానను తిట్టినట్టుంది.

పైగా అంకెలు ఇంకో కథ చెబుతున్నాయి. లెబ్రాన్, డేవిస్, వెస్ట్‌బ్రూక్ ముగ్గురూ కలిసి కోర్టులో దిగినవి 21 మ్యాచ్‌లే. వాటిలో 11 గెలుపు, 10 ఓటమి. ఇది కప్పు గెలిచే జట్టు లెక్క కాదని ఒప్పుకుంటాను. ఆ ముగ్గురి పొత్తు కుదరలేదు. అయితే అదే వేగంతో 82 మ్యాచ్‌లు ఆడితే 43 గెలుపులొస్తాయి. 43 గెలిచే జట్టు నవ్వులపాలు కాదు. మరి మిగతా 61 మ్యాచ్‌ల్లో ఏం జరిగింది? 22 గెలుపు, 39 ఓటమి. లేకర్స్ నవ్వులపాలైంది ఆ 61 మ్యాచ్‌ల్లో. తారల్లో ఒకరో ఇద్దరో కుర్చీలో కూర్చున్న రాత్రుల్లో భారం మోయాల్సినవాళ్లు లేకపోవడం వల్ల. ఆ రాత్రుల్లో దాదాపు ప్రతిసారీ జెర్సీ వేసుకుని దిగినవాడు ఒకడే. 78 మ్యాచ్‌లు ఆడాడు, జట్టులో అందరికంటే ఎక్కువ. కోచ్ నలభై దాకా వేర్వేరు ఐదుగురి జట్లతో మ్యాచ్‌లు మొదలుపెట్టాల్సి వచ్చిన ఏడాది అది. రోజూ బడికి వచ్చిన పిల్లాణ్నే హాజరు తక్కువైందని గోడ కుర్చీ వేయించారు.

'మరి అతను పోగానే జట్టు బాగుపడింది కదా?' అంటారు. ఎదుటివారి తూణీరంలో ఇదే బ్రహ్మాస్త్రం. 2023 ఫిబ్రవరి 9న మూడు జట్ల ఒప్పందంలో వెస్ట్‌బ్రూక్ యూటాకు వెళ్లాడు. అప్పటికి 25-30గా ఉన్న లేకర్స్ ఆ తర్వాత 18 గెలిచి 9 మాత్రమే ఓడింది. 43-39తో సీజన్ ముగించి వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. ఇంకేం కావాలి రుజువు?

ఆ ఒప్పందంలో లేకర్స్‌కు ఏం వచ్చిందో కూడా చదవండి. డీఏంజెలో రస్సెల్, మలిక్ బీస్లీ, జారెడ్ వాండర్‌బిల్ట్. ముగ్గురు. అంతకు కొన్ని వారాల ముందే వాషింగ్టన్ నుంచి రూయి హచిమూరా వచ్చాడు. ఒక్క మనిషి దగ్గర గడ్డకట్టిన 4.7 కోట్ల జీతాన్ని కరిగించి, కాళ్లు ఆడే, బంతి వేయగల ముగ్గురి మధ్య పంచారు. 2021 జులైలో ముగ్గుర్ని ఇచ్చి ఒకణ్ని కొన్న బేరాన్ని, 2023 ఫిబ్రవరిలో ప్రధానంగా ఒకణ్ని ఇచ్చి ముగ్గుర్ని కొని తిరగరాశారు. రోగం ఏమిటో వైద్యమే చెబుతోంది. వెస్ట్‌బ్రూక్‌ను ఊరికే ఇంటికి పంపి, ఆ కుర్చీ ఖాళీగా ఉంచి జట్టు గెలిచి ఉంటే ఎదుటివారి మాట నిలిచేది. అలా జరగలేదు. అసలు 2022-23లో అతను బెంచ్ నుంచి రావడానికి ఒప్పుకుని, దాదాపు అన్ని మ్యాచ్‌లూ అలాగే ఆడాడు. మొండివాడు, మాట వినడు అనే అభియోగం అక్కడే సగం నీరుగారింది.

ఆ 43 గెలుపుల అంకె మీద ఇంకోసారి కన్నేయండి. ముగ్గురు తారలూ కలిసి ఆడిన 21 మ్యాచ్‌ల వేగాన్ని 82కు లెక్కగడితే వచ్చినదీ సరిగ్గా అదే. కాకతాళీయమే కావచ్చు. అంకెలతో అంతకంటే ఎక్కువ చెప్పించను. కానీ వెస్ట్‌బ్రూక్ ఉంటే జట్టు సర్వనాశనం అనేవాళ్లు ఈ అంకెను ఎక్కడ పెట్టుకుంటారో చూడాలి.

ఇక 'లెబ్రానే కదా అతన్ని రప్పించాడు' అనే వాదన. ట్రేడ్‌కు ముందు లెబ్రాన్, డేవిస్, వెస్ట్‌బ్రూక్ ముగ్గురూ కలుసుకుని మాట్లాడుకున్నారన్నది అప్పట్లో అందరూ రాసిన విషయమే. లెబ్రాన్‌కు ఇందులో వాటా లేదని నేను అనను. తిలాపాపం తలాపిడికెడు. ముప్పై ఏడేళ్ల వయసులో సగటున 30 పాయింట్లు వేసి, మార్చి నెలలో ఒక వారంలోనే గోల్డెన్ స్టేట్ మీద 56, వాషింగ్టన్ మీద 50 కొట్టినవాడైనా సరే, తన పిడికెడు తను తీసుకోవాల్సిందే. కానీ ఆటగాడు స్నేహితుణ్ని కోరుకుంటాడు, అది సహజం. ఆ కోరికను పట్టికలో పెట్టి, కూడి, తీసి, అవునో కాదో చెప్పడానికే జనరల్ మేనేజర్ అనే ఉద్యోగం ఉంది. పెళ్లికొడుకు ముచ్చటపడ్డాడని పొలం అమ్మి బాణసంచా కొన్న తండ్రిని ఊరు మెచ్చుకోదు. ఆ ఉద్యోగానికి జీతం ఇచ్చేదే కాదనడం కోసం.

కాదనని కార్యాలయం ఓడిపోతున్నప్పుడు కూడా కదలలేదు. 2022 ఫిబ్రవరి 10 ట్రేడ్‌లకు ఆఖరి రోజు. అప్పటికి జట్టు 26-30. మునుగుతున్న పడవ. ఆ రోజు లేకర్స్ ఒక్క ట్రేడూ చేయలేదు. చేయడానికి చేతిలో ఏముంది కనుక? డేవిస్‌ను తెచ్చిన 2019 బేరంలో, ఆ తర్వాత పిక్‌లు చాలావరకు చేజారాయి. మిగిలిన మంచి ఆటగాళ్లను వెస్ట్‌బ్రూక్ బేరంలో ఇచ్చేశారు. ఆ తర్వాత జట్టు ఆగని పతనంలోకి జారింది. ఆల్‌స్టార్ విరామం దాటాక 24 మ్యాచ్‌ల్లో 6 గెలుపు, 18 ఓటమి. ఏప్రిల్ 5న ఫీనిక్స్‌లో ఓడటంతో కథ ముగిసింది. అంత ఘోరంగా ఓడినందుకు దక్కాల్సిన ఓదార్పు బహుమతి, మొదటి రౌండు డ్రాఫ్ట్ పిక్, కూడా లేకర్స్‌ది కాదు. 2019 బేరం ప్రకారం ఆ ఎనిమిదో పిక్ న్యూ ఆర్లీన్స్‌కు పోయింది. ఓడిపోవడంలో కూడా లాభం వేరే ఊరికి చేరింది.

మరి శిక్ష ఎవరికి పడింది? ఏప్రిల్ 10న డెన్వర్‌లో ఆఖరి మ్యాచ్ గెలిచి వోగెల్ విలేకరుల ముందు కూర్చున్నాడు. తనను తీసేస్తున్నారనే వార్త అప్పటికే బయటకు పొక్కింది. దాని గురించి అడిగితే, తనకెవరూ చెప్పలేదని ఆయన చెప్పాల్సి వచ్చింది. రెండేళ్ల ముందు కప్పు తెచ్చిన కోచ్‌కు మర్నాడు అధికారికంగా సెలవిచ్చారు. డిఫెన్స్ ఆయన విద్య. ఆ విద్యకు కావాల్సిన పనిముట్లు లాగేసుకుని, పని రాలేదని పంపించారు. ఆయన తర్వాత వచ్చిన డార్విన్ హామ్‌ను 2024లో తీసేశారు. మరి పెలింకా? అదే కుర్చీలో ఉన్నాడు, 2025లో అధ్యక్ష హోదా కూడా వచ్చింది. ఆయనకు పని రాదని నేననడం లేదు. 2023 ఫిబ్రవరిలో తప్పు దిద్దినవాడు ఆయనే. లూకా డాన్‌చిచ్‌ను తెచ్చినవాడూ ఆయనే. మాలిక్ మంక్‌ను, డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని ఆస్టిన్ రీవ్స్‌ను అదే పాడు సీజన్లో కనీస వేతనానికి పట్టుకున్న కార్యాలయం కూడా అదే. నేననేది ఒక్కటే: ఆ ఏడాది తప్పుకు సంతకం ఆయనది, ఆ ఖర్చుకు సరేనన్నది అప్పటి యజమాని జీనీ బస్, కరూసో దగ్గర వద్దన్న పొదుపూ వాళ్లదే. ఆ జట్టును 2025లో సుమారు వెయ్యి కోట్ల డాలర్ల విలువ కట్టి అమ్మడానికి ఒప్పందం కుదిరింది. ఆ విలువ పక్కన కరూసో మీద పడే పన్ను ఎంతో మీరే లెక్క వేసుకోండి.

జరిమానా మాత్రం ఆటగాడు కట్టాడు. అతను లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోనే పుట్టి పెరిగి, యూసీఎల్ఏలో ఆడినవాడు. సొంతూరి జట్టుకు వచ్చానని మురిసిపోయినవాడు. సొంత హాల్లోనే అతను బంతి అందుకుంటే చాలు, గ్యాలరీలో గొణుగుడు మొదలయ్యేది. ఇంటిపేరును 'ఇటుక' అనే అర్థం వచ్చేలా వంకర తిప్పి పిలిచారు. 2022 మార్చిలో అతను నోరు విప్పి, ఆ పేరు తన తండ్రితాతలదనీ తన పిల్లలదనీ, ఇంట్లోవాళ్లు మ్యాచ్‌లకు రావడానికే ఇష్టపడటం లేదనీ చెప్పుకున్నాడు. బంతి వేయలేకపోవడం నేరమైతే నేరమే, కానీ దానికి ఇంటిపేరును ఊరేగించే శిక్ష ఏ ధర్మశాస్త్రంలో ఉంది? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, కార్యాలయం మీద రావాల్సిన కోపం కోర్టు మీద ఉన్నవాడి మీద పడింది. కార్యాలయంలో ఉన్నవాళ్లు కనిపించరు. వాళ్లకు జెర్సీ ఉండదు, వీపు మీద పేరు ఉండదు. వాళ్లను గేలి చేయడానికి గ్యాలరీలో సీటు దొరకదు.

ఒక ఆటగాడి పేరు మీద ఒక సీజన్ రాసేస్తే అభిమానికి తేలిక, విశ్లేషకుడికి తేలిక. అందరికంటే తేలిక కార్యాలయానికి. వాళ్లు తర్వాతి తప్పుకు స్వేచ్ఛగా సిద్ధమవుతారు. అందుకే ఎప్పుడైనా మీ జట్టు కుప్పకూలితే, ముందు ఆఖరి నిమిషం వీడియో చూడకండి. దానికి ఎనిమిది నెలల ముందు ఎవరిని ఎంతకు కొన్నారో, ఎవరిని ఎంత మిగుల్చుకోవడానికి పోనిచ్చారో చూడండి. బుట్ట అక్కడుంటుంది.

2023 మే 22న లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్ నాలుగో మ్యాచ్ జరిగింది. లెబ్రాన్ 40 పాయింట్లు వేశాడు. అయినా లేకర్స్ 113-111తో ఓడి, 4-0తో ఇంటిదారి పట్టింది. వెస్ట్‌బ్రూక్ ఆ రాత్రి కోర్టులో లేడు. కాల్డ్‌వెల్-పోప్ ఉన్నాడు, డెన్వర్ జెర్సీలో.